చెప్పని మాటకు ఏ పేరు పెట్టాలి?
‘యెస్టర్‌డే’ అనిమేను అలంకారశాస్త్రంతో చదివితే

శృంగార రసం పాఠం అయిపోయిన రోజు మన క్లాసులో ఒక సందేహం మిగిలిపోయింది. సంభోగం, విప్రలంభం అని శృంగారం రెండు రకాలని రాసుకున్నాం. కలిసి ఉంటే మొదటిది, ఎడబాటు ఉంటే రెండోది. మరి కలిసీ కలవక, విడిపోయీ విడిపోక, ఎదురెదురుగా కూర్చుని టీ తాగి, చెప్పాల్సింది చెప్పకుండానే లేచిపోయే వాళ్ళు ఏ లెక్కలోకి వస్తారు? "పూర్వరాగం ఉంది కదా" అన్నారు మేడమ్‌గారు. నిజమే, విప్రలంభంలో పూర్వరాగం, మానం, ప్రవాసం, కరుణం అని నాలుగు రకాలున్నాయి. కానీ పూర్వరాగంలో కోరిక స్పష్టంగా ఉంటుంది. అడ్డు మాత్రం బయట ఉంటుంది: దూరమో, పెద్దలో, పరాధీనతో. అడ్డు మనిషి లోపలే ఉంటే ఏం చెయ్యాలి? ఈ సంగతి ఆలోచించడానికి నాకు కావ్యాల కంటే ఎక్కువగా ఒక జపాన్ అనిమే పనికొచ్చింది. ఈసారి మన గోడపత్రికకి దాని గురించే రాస్తున్నాను.

అనిమే అంటే జపాన్ బొమ్మల సినిమా అని మనందరికీ తెలుసు. పిల్లలకీ, యుద్ధాలకీ, రాక్షసులకీ మాత్రమే అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు గనుక ముందే చెప్తున్నాను. ఇందులో రాక్షసులు లేరు. ఒక కాకి ఉంది, అంతే.

కథ

దీని పేరు జపనీస్‌లో ‘యెస్టర్‌డే ఓ ఉతత్తె’, ఇంగ్లీషులో ‘సింగ్ యెస్టర్‌డే ఫర్ మీ’. కేయి తోమె అనే రచయిత గీసిన మాంగా, అంటే బొమ్మల కథ, దీనికి మూలం. అది 1997లో మొదలై 2015లో ముగిసింది. మొత్తం 11 సంపుటాలు. ఆర్.సి. సక్సెషన్ అనే జపాన్ సంగీత బృందం పాట నుంచి ఈ పేరు వచ్చింది. దోగా కోబో స్టూడియో దీన్ని యొషియుకి ఫుజివారా దర్శకత్వంలో 12 భాగాల అనిమేగా తీసింది. అది 2020 ఏప్రిల్ నుంచి జూన్ వరకు టీవీలో వచ్చింది.

రికువో కాలేజీ చదువు ముగించాడు గానీ ఉద్యోగంలో చేరలేదు. టోక్యోలో రాత్రీ పగలూ తెరిచి ఉండే చిన్న సరుకుల కొట్టులో గంటల లెక్కన పని చేస్తుంటాడు. ఫోటోలు తీయడమంటే ఇష్టం, కానీ అదే నా దారి అని చెప్పుకునే ధైర్యం లేదు. కాలేజీలో తనతో చదివిన షినాకో మీద మనసు. ఆమె కొన్నాళ్ళు కనజావాలో, సొంతూళ్ళో ఉండి, మళ్ళీ టోక్యో వచ్చి హైస్కూల్లో పాఠాలు చెప్తోంది. ఆమెకు కనజావాలో ఒక గతం ఉంది. చిన్నప్పటి స్నేహితుడు యూ జబ్బుతో చనిపోయాడు. అతన్ని ఆమె ప్రేమించింది. యూ తమ్ముడు రో ఇప్పుడు చిత్రకళ కాలేజీ ప్రవేశ పరీక్షకు తయారవుతున్నాడు, అతనికి షినాకో అంటే ఇష్టం. అతనికి వండిపెడుతూ, బాగోగులు చూస్తూ ఆమె అతన్ని తమ్ముడిగానే ఉంచాలనుకుంటుంది. ఇక హరు. షినాకో పనిచేసే బళ్ళోనే చదువుతూ మధ్యలో మానేసిన అమ్మాయి. ఇప్పుడు ఒక కాఫీ కొట్టులో పని. భుజం మీద కాన్సుకే అనే కాకిని పెట్టుకుని తిరుగుతుంది. ఎప్పుడో రికువోతో కలిగిన చిన్న పరిచయాన్ని ఆమె మర్చిపోలేదు, అతను మర్చిపోయాడు. ఆమె రికువోని ప్రేమిస్తుంది.

లెక్క వేస్తే రో షినాకోని, రికువో షినాకోని, హరు రికువోని, షినాకో చనిపోయిన యూని. నలుగురూ ఒకే వైపు తిరిగి వరసలో నించున్నట్టు ఉంటుంది. ఎవరి కళ్ళకూ వెనకవాళ్ళు కనపడరు.

ఆ కాలం సంగతి

ఈ కథలో సెల్‌ఫోన్లు లేవు. వీధి చివర టెలిఫోన్ బూత్, ఇంట్లో తీగ ఫోను, రీలు వేసే కెమెరా. మాంగా మొదలైన కాలాన్నే అనిమే ఉంచుకుంది. అది అందం కోసమే అనుకోకూడదు. ఫోను లేకపోతే ఎదురుచూపుకి బరువుంటుంది. మనిషి రాకపోతే ఎందుకు రాలేదో తెలీదు. ఒక మెసేజ్‌తో తీరిపోయే అనుమానం ఒక వారం ఉంటుంది.

రెండో సంగతి ఉద్యోగాలది. జపాన్‌లో చదువు మార్చిలో ముగుస్తుంది, ఏప్రిల్ 1న కొత్తవాళ్ళందరూ ఒకేసారి కంపెనీల్లో చేరతారు. ఆ ఏడాది ఆ బండి తప్పితే తర్వాత ఎక్కడం చాలా కష్టం. 1990ల మొదట్లో ఆ దేశంలో భూముల, వాటాల ధరలు కుప్పకూలి కంపెనీలు కొత్తవాళ్ళను తీసుకోవడం బాగా తగ్గించాయి. ఆ రోజుల్ని వాళ్ళు ‘ఉద్యోగాల మంచుయుగం’ అంటారు. స్థిరమైన ఉద్యోగం లేకుండా చిన్నాచితకా పనులతో బతికే యువతను ‘ఫ్రీటర్’ అన్నారు. ఇంగ్లీషు ‘ఫ్రీ’కి, పని అనే అర్థమున్న జర్మన్ మాట ‘అర్బైట్’ని అతికించి చేసిన మాట అది. రికువో అలాంటివాడే. కాబట్టి అతని తటపటాయింపు ఒట్టి సోమరితనం కాదు. 'నేనేమిటో నాకే తేలలేదు, ఇంకొకరికి ఏం మాటివ్వను' అనే భయం అందులో ఉంది. ప్రేమలో మాట రాకపోవడానికి జేబులో జీతం లేకపోవడం కూడా ఒక కారణమని ఈ కథకు తెలుసు. ఫోటో స్టూడియోలో పని దొరికాక అతని నడకలోనే తేడా కనిపిస్తుంది.

నాయకుడు: నాలుగు రకాల్లో ఎవడు?

మన శాస్త్రం శృంగార నాయకుణ్ణి నాలుగు రకాలు చేసింది. ఒక్కతెతోనే ఉండేవాడు అనుకూలుడు. పలువురి మీద సమంగా ప్రేమ చూపేవాడు దక్షిణుడు. తప్పు చేసి సిగ్గుపడనివాడు ధృష్టుడు. పైకి తియ్యగా ఉండి చాటున మోసం చేసేవాడు శఠుడు. రికువోని ఎందులో వెయ్యాలి?

షినాకోనే కోరుకుంటాడు కాబట్టి అనుకూలుడు అందామంటే, హరు వచ్చిందంటే అతని ముఖం మారుతుంది. దక్షిణుడు అందామా, ఇద్దరినీ సమంగా సంతోషపెట్టేంత నేర్పు అతనికి లేదు. ఇద్దరినీ సమంగా బాధపెట్టడం మాత్రం వచ్చు. ధృష్టుడు కాడు, సిగ్గు ఉంది. శఠుడు కాడు, అబద్ధం ఆడడు. ఈ నాలుగు రకాల్లోనూ నాయకుడికి తన మనసు తనకు తెలుసు. తెలిసి ఏం చేస్తాడన్నదే విభజనకు ఆధారం. రికువోకి ఆ తెలియడమే ఇంకా జరగలేదు. అందుకే ఐదో గడి ఒకటి కావాలి. పేరు నేను పెట్టను, మీరు ఆలోచించండి.

ఇక్కడ ఒకటి గమనించాలి. రికువో అసలు నోరు విప్పనివాడు కాడు. జపాన్ యువత ప్రేమకథల్లో ‘కొకుహకు’ అని ఒక ఘట్టం ఉంటుంది. 'నువ్వంటే నాకిష్టం' అని ఎదురుగా నించుని చెప్పడం. చాలామందికి కలిసి తిరగడం లెక్కలోకి వచ్చేది ఆ మాట తర్వాతే. రికువో కథ మొదట్లోనే షినాకోకి ఆ మాట చెప్పేశాడు. స్నేహితులుగానే ఉందామని ఆమె అంది. మామూలు కథల్లో చెప్పడమే ముగింపు. ఇక్కడ చెప్పాకే కథ మొదలవుతుంది, ఎందుకంటే ఆమె కాదని తలుపు మూయలేదు, రమ్మని తీయనూ లేదు.

షినాకో: కరుణమా, విప్రలంభమా?

నాకు ఈ కథలో అన్నిటికంటే పాఠం చెప్పిన పాత్ర షినాకో. ప్రియుడు చనిపోతే అది శోకం, స్థాయి భావం శోకమైతే కరుణ రసం. అయితే చనిపోయినవాడు మళ్ళీ ఇదే దేహంతో తిరిగి వస్తాడన్న ఆశ ఉంటే దాన్ని కరుణ విప్రలంభం అనాలని శాస్త్రం. దానికి బాణుడి కాదంబరిలోని మహాశ్వేత, పుండరీకుల కథను ఉదాహరణగా చెప్తారు. మహాశ్వేత ఎదురుచూస్తుంది, ఆ ఎదురుచూపుకి ఫలితం ఉంటుంది.

షినాకోకి ఆ ఆశ లేదు. యూ రాడని ఆమెకు తెలుసు. కాబట్టి ఆమెది కరుణ రసం కావాలి. కానీ ఆమె బతికే తీరు మాత్రం ఎదురుచూసేదాని తీరు. అతని చోటు ఖాళీగా ఉంచుతుంది, అతని తమ్ముడికి అన్నం పెడుతుంది, కొత్తగా ఎవరు వచ్చినా గుమ్మం దగ్గరే ఆపుతుంది. ఉన్నది శోకం, వేసుకున్నది విరహం వేషం. శోకానికి ఒక అంతు ఉంటుంది, ఏడ్చి లేవాలి. విరహానికి అంతు లేదు, మనిషి వచ్చేదాకా సాగుతుంది. రాని మనిషి కోసం విరహం పట్టుకుంటే అది జీవితమంతా సాగుతుంది. శాస్త్రకారులు కరుణానికీ కరుణ విప్రలంభానికీ మధ్య గీత ఎందుకంత జాగ్రత్తగా గీశారా అని నేను విసుక్కున్నాను. షినాకోని చూశాక ఆ గీత పరీక్ష కోసం గీసింది కాదని అర్థమైంది.

హరు: చెప్పినదాని కష్టం

హరు తన మనసు దాచుకోదు. రికువోకి చెప్తుంది. షినాకో దగ్గరికి కూడా వెళ్ళి తాను రంగంలో ఉన్నానని చెప్పేస్తుంది. మన ప్రబంధాల్లో నోరు విప్పి అడిగిన నాయిక అంటే మనుచరిత్రలోని వరూధిని గుర్తొస్తుంది. అష్టవిధ నాయికల్లో చూస్తే హరు అభిసారిక, ప్రియుడున్న చోటికి తానే వెళ్ళేది. అనుకున్న చోటికి అతను రాని రోజున విప్రలబ్ధ.

చెప్పేసినవాళ్ళకి బరువు దిగిపోతుంది అంటారు. హరు విషయంలో అది నిజం కాదు. చెప్పిన మరుక్షణం నుంచి బంతి అవతలివాడి చేతిలో ఉంది, అతను దాన్ని పట్టుకుని నెలల తరబడి నించున్నాడు. ఆమె నవ్వుతూ, కాకితో మాట్లాడుతూ తిరుగుతుంది గానీ, ఆ నవ్వు ఎక్కడ ఆగుతుందో దర్శకుడు చూపిస్తాడు. రికువో వెనక్కి తిరిగాక, ఒక్క క్షణం.

మూడు సంచారి భావాలు

స్థాయి భావం రతి. అందులో సందేహం లేదు. కానీ ఈ కథలో రతిని నడిపేవి సంచారులే. ముప్పై మూడింటిలో మూడు చాలు.

మొదటిది అవహిత్థ. సిగ్గువల్లో భయంవల్లో మనసులోది ముఖాన కనపడకుండా దాచడం, దాచడానికి ఇంకో పని పెట్టుకోవడం. కుమారసంభవంలో పెళ్ళి మాట వచ్చినప్పుడు పార్వతి తండ్రి పక్కన తల వంచుకుని తామర రేకులు లెక్కపెట్టడం దీనికి పేరుపొందిన ఉదాహరణ. రికువో తామర రేకులకు బదులు సిగరెట్ వెలిగిస్తాడు. షినాకో కూరలు తరుగుతుంది. హరు హాస్యమాడుతుంది. ఒక తేడా మాత్రం ఉంది. పార్వతి దాచినా అక్కడున్నవాళ్ళకీ మనకీ తెలిసిపోతుంది, అందుకే అది ముచ్చటగా ఉంటుంది. ఇక్కడ దాచినది ఎదుటివాళ్ళకి నిజంగానే తెలియకుండా పోతుంది. ముచ్చట కాస్తా నష్టమవుతుంది.

రెండోది వితర్కం. ఇదా అదా అని లోపల తర్కించుకోవడం. సంచారి అంటే వచ్చిపోయేది, నీళ్ళ మీద అల లాంటిది. రికువోలో వితర్కం వచ్చి పోవడం లేదు, కాపురం పెట్టింది. సంచారి స్థాయిలా కూర్చుంటే రసం ఎలా పండుతుందన్నదే ఈ కథకు నేను వేసే అసలు ప్రశ్న.

మూడోది స్మృతి. పేరులోనే ‘నిన్న’ ఉన్న కథ ఇది. హరుకి నిన్న బలం, షినాకోకి నిన్న సంకెల. ఒకే సంచారి ఇద్దరిలో రెండు పనులు చేస్తుంది.

స్మృతికి ఇంకో ఉదాహరణ కావాలంటే మకోతో షిన్‌కాయ్ 2007లో తీసిన ‘ఫైవ్ సెంటీమీటర్స్ పర్ సెకండ్’ చూడండి. గంట పైన కాసేపు, మూడు భాగాలు. రెండో భాగంలో తనెగషిమా ద్వీపంలో కనాయె అనే అమ్మాయి, సముద్రపు అల మీద నిలబడగలిగిన రోజున తకాకికి మనసు చెప్పాలనుకుంటుంది. ఆ రోజు అల మీద నిలబడుతుంది. కానీ చెప్పదు. అతను తనను దాటి ఇంకెక్కడికో, చాలా దూరం చూస్తున్నాడని ఆమెకు అర్థమవుతుంది. ఆకాశంలోకి రాకెట్ లేచిపోతుంది. కనాయె చెప్పకపోవడం, రికువో తేల్చకపోవడం ఒకటి కాదు. ఆమె చూసి, తెలుసుకుని, మౌనం ఎంచుకుంది. అతను ఎంచుకోవడాన్నే వాయిదా వేశాడు. మౌనం కూడా ఒక నిర్ణయం కావచ్చు, వాయిదా ఎప్పటికీ నిర్ణయం కాదు.

చూద్దాంలే

ఈ అనిమే చూసిన మన క్లాసువాళ్ళు ఇద్దరు ముగ్గురు, "ఏమే, ఇందులో ఎవరూ ఏమీ చెయ్యరు, ఎలా చూశావు?" అన్నారు. ఎవరూ ఏమీ చెయ్యకపోవడమే నన్ను కూర్చోబెట్టింది. మన ఇళ్ళల్లో దానికి ఒక మాటుంది: చూద్దాంలే. వీధిలోకి వస్తే ‘పాక్కలాం’. తెలుగైనా తమిళమైనా అర్థం ఒకటే. అవునని కాదు, కాదని కాదు, నువ్వు మాత్రం అక్కడే నించో అని.

మా బంధువుల్లో ఒక అక్క ఉంది. పేరు రాయను. తనతో పనిచేసే ఒకతనితో మనసు కలిసింది. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా అతను చూద్దాం అనేవాడు. ఇంట్లో పరిస్థితి చూద్దాం, ప్రమోషన్ వచ్చాక చూద్దాం. మూడేళ్ళు. ఆ మూడేళ్ళలో అక్క రెండు సంబంధాలు వద్దంది, ఇంకో ఊళ్ళో మంచి ఉద్యోగం వస్తే వెళ్ళలేదు. తర్వాత అతనికి వేరేచోట పెళ్ళయింది. మా ఇంట్లో పెద్దవాళ్ళు, "పాపం అతను అబద్ధమేమీ చెప్పలేదు కదా" అన్నారు. చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. అక్కకి కోపం అతను కాదన్నందుకు కాదు. "మొదటి ఏడాదే కాదని ఉంటే రెండేళ్ళు నావి నాకు మిగిలేవి" అంటుంది.

రికువో చెడ్డవాడు కాడు. ఆ అబ్బాయి కూడా బహుశా చెడ్డవాడు కాడు. ఈ కథ నాకు నేర్పింది అదే. తటపటాయించేవాడికి తన బాధ ఒక్కటే కనిపిస్తుంది, లోపల ఎంత నలిగిపోతున్నానో అనుకుంటాడు. కానీ అతను నలిగే ప్రతి రోజూ ఇంకొకరి క్యాలెండర్ నుంచి చిరుగుతోంది. తేల్చుకోవడానికి సమయం తీసుకోవచ్చు, అది ఎవరి సమయమో తెలిసి తీసుకోవాలి.

ఇది అబ్బాయిల గురించే కాదు. షినాకో కూడా రికువో సమయాన్నీ రో సమయాన్నీ అలాగే వాడుకుంది. మనం మూడో సంవత్సరంలో ఉన్నాం. ఎం.ఏ. చదువుతానంటే ఇంట్లో చూద్దాంలే అంటారు. మనమూ మనకోసం ఆగినవాళ్ళకి అదే చెప్తుంటాం. ఎవరి చూద్దాంలే వెనక ఎవరు నించుని ఉన్నారో ఒకసారి తిరిగి చూడాలి.

ముగింపు గురించి ఒక అభ్యంతరం

చివరి భాగాల్లో షినాకో, రికువో కలిసి తిరగడం మొదలుపెడతారు. కానీ స్నేహితుల మధ్య ఉండే ఆ మూరెడు దూరం దాటలేకపోతారు. మాట్లాడుకుని విడిపోతారు. రికువో హరుని వెతుక్కుంటూ వెళ్ళి మనసు చెప్తాడు. పదకొండు సంపుటాల కథను పన్నెండు భాగాల్లో కుదించడంతో ఈ మలుపు హడావిడిగా వచ్చిందని చాలామంది విసుక్కున్నారు. నాకూ అలాగే అనిపించింది. ఏళ్ళ వితర్కం ఒక్క భాగంలో తీరిపోతే నమ్మడం కష్టమే.

కానీ ఆ విడిపోవడం మాత్రం నాకు నచ్చింది. ఆ కథలో ఇద్దరు మనుషులు మొదటిసారి పూర్తి వాక్యం మాట్లాడింది అక్కడే. ఎవరూ ద్రోహం చేయలేదు, గొడవ లేదు. మన మధ్య ఉన్నది ఇది, లేనిది ఇది అని ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు తర్వాతే షినాకో శోకం శోకంగా మారే వీలు కలిగింది, హరు ఎదురుచూపుకి జవాబు వచ్చింది. వితర్కం కాపురం వదిలి మళ్ళీ సంచారి అయింది. రసం పండిందా అంటే, పూర్తిగా పండలేదు, దోర మాగింది అంటాను.

చర్చకు మూడు ప్రశ్నలు పెడుతున్నాను. గోడపత్రిక కింద కాగితాలు, పిన్నులు ఉన్నాయి, మీ జవాబులు అక్కడే గుచ్చండి.

1. తన మనసు తనకే తెలియని నాయకుడికి మీరు ఏ పేరు పెడతారు? సంస్కృతమే కానక్కర్లేదు, ఇంట్లో వాడే మాటైనా సరే.
2. అష్టవిధ నాయికలందరినీ నాయకుడితో ఉన్న సంబంధాన్ని బట్టే విభజించారు. షినాకోలాగా తన గతంతో తాను పోరాడే నాయికను ఎక్కడ ఉంచాలి?
3. కనాయె మౌనం, రికువో వాయిదా: రెండింటిలో ఏది ఎదుటివారికి తక్కువ బాధ? ఎందుకు?

మూడో ప్రశ్నకు మా అక్క తన జవాబు ఇప్పటికే చెప్పింది. మీ జవాబు వేరే అయితే తప్పకుండా రాయండి. చూద్దాంలే అని మాత్రం రాయొద్దు.